కొంగ ఒంటికాలి మీద నిలబడిన ఫైనల్

ఆ రోజు మా బావ కాలు పొరపాటున ఎత్తాడా, తెలిసే ఎత్తాడా? ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను, ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

బావ అంటే అక్క మొగుడు. యూనివర్సిటీ ఆటల విభాగంలో స్టోర్‌కీపర్. బంతులకు గాలి కొట్టడం, తెగిన నెట్లు ముడివేయడం జీతం వచ్చే పని. జీతం రాని పని ఇంకొకటుండేది: బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లప్పుడు కొంగ వేషం కట్టడం. సింహాలనూ డేగలనూ తోడేళ్లనూ మిగతా యూనివర్సిటీలు తమ జట్ల గుర్తులుగా పంచుకుపోగా మాకు మిగిలింది కొంగ. "చేపలు పడ్డాయా?" అని ఎదుటివాళ్లు వెక్కిరిస్తే, మా పిల్లలు ఇంకా రొమ్ము విరుచుకునేవాళ్లు. వేషంలో ఎవరున్నదీ బయటికి పొక్కకూడదు. కొంగ నోరు మెదపకూడదు. కోచ్‌కూ మా ఇంట్లోవాళ్లకూ తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

కొంగకొక పద్ధతుంది. ఎదుటి జట్టుకు ఫ్రీత్రో, అంటే ఎవరూ అడ్డం రాకుండా బుట్టలో బంతి వేసే అవకాశం, వస్తే రింగు వెనక రెక్కలు టపటపలాడించి వాళ్ల చూపు చెదరగొట్టాలి. మా జట్టుకు వస్తే ఒంటికాలి మీద కదలకుండా నిలబడాలి. కొంగ కాలెత్తిందంటే స్టేడియమంతా ఊపిరి బిగబట్టేది. అప్పుడు ఈల వేసినవాడి వీపు విమానం మోతే.

ఆ ఏడాది అమ్మాయిల ఫైనల్లో మాకు ఎదురుపడింది డేగల జట్టు. దాని కెప్టెన్ ఆ యూనివర్సిటీలో చదువుతున్న మా బావ కూతురే.

ముందువారం పిల్ల ఇంటికొచ్చినప్పుడు అన్నం దగ్గరే యుద్ధం మొదలైంది.

"నాన్నా, నన్ను చూసి రెక్కలు ముడుచుకున్నావనుకో, జన్మలో నీతో మాట్లాడను."

"నువ్వెవరో కొంగకి తెలీదే తల్లీ! ముందు బంతి సరిగ్గా వెయ్యడం నేర్చుకో."

"అబ్బో, ముసలి కొంగ పొగరు చూడు మావయ్యా!"

అక్క గిన్నె ఠపీమని పెట్టింది. "మీలో ఎవరు ఓడినా ఆ మాడు మొహం చూడాల్సింది నేనేగా!"

ఫైనల్ చివరి క్షణాలు. ఒక్క పాయింటు ఆధిక్యం మాది. అప్పుడే మావాళ్లు ఫౌల్ చేశారు. రెండు ఫ్రీత్రోలు, బంతి మేనకోడలి చేతిలో. రెండూ పడితే కప్పు వాళ్లదే. నేను స్కోరు రాసుకుంటున్న పుస్తకం ఒళ్లోంచి ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

మొదటి బంతికి బావ రెక్కలు ఊడిపోయేలా ఆడించాడు, మెడ గిరగిరా తిప్పాడు, వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకున్నాడు. జనం గొంతులు చించుకున్నారు. పిల్ల నవ్వింది, బంతి వేసింది. సమం!

రెండో బంతి. ఈసారి పిల్ల నవ్వలేదు. బంతిని నేలకేసి కొట్టి కొట్టి, రింగు వెనకున్న కొంగవైపు చూసింది. కొంగ రెక్కలు పైకి లేచాయి. అక్కడే ఆగాయి. మెల్లగా దిగాయి. ఒక కాలు లేచింది.

అలవాటు ఎంత పని చేసింది! అన్ని వేల గొంతులూ టక్కున మూతపడ్డాయి. డప్పులు ఆగాయి. నా పక్కనున్న లెక్కల ప్రొఫెసరు కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. మా స్టేడియమంతా ఎదుటి జట్టు కోసం ఊపిరి బిగబట్టింది! ఆ నిశ్శబ్దంలో బంతి రింగు అంచున తిరిగింది, ఊగిసలాడింది, లోపలికి జారింది.

"ఒరేయ్, మనది కాదురా అది!"

"కొంగా, నువ్వెవరి పక్షమే?"

"మరి నువ్వెందుకు నోరు మూసుకున్నావ్?"

"కొంగ కాలెత్తింది కదరా!"

ఓడిపోయామన్న సంగతి కూడా మరిచిపోయి పకపకా నవ్వుతున్నారు జనం. కొంగ గెంతుతోంది. మేనకోడలు పరుగెత్తుకొచ్చి దాని మెడ పట్టుకుని వేలాడింది. ఓడిన కొంగను ఎగతాళి చేస్తోందని అందరూ అనుకున్నారు. కొంగ మాత్రం నోరు మెదపలేదు.

బావను చీవాట్లు పెట్టాలో కావలించుకోవాలో తెలియకుండానే అతను వేషం మార్చుకునే వెనక గదికి పరుగెత్తాను. చెమటతో తడిసిన కొంగ ఒళ్లు బల్ల మీద పడి ఉంది. వెనక తలుపు తెరిచి ఉంది. బయట డేగల బస్సు కదులుతోంది. బనియనుతో, కొంగ పచ్చటి పాదాలు ఇంకా విప్పకుండానే, బావ తపతపా దాని వెంట పరుగెడుతున్నాడు.

"ఆపండయ్యా, ఆపండి! అది నా కూతురు!"

ఊరంతా వినపడేలా అరిచాడు. బస్సు నెమ్మదించింది. లోపలినుంచి నాలుగైదు చేతులు అందుకుని లాగాయి.

"బావా!" అని కేకేశాను. వెనక్కి చూడలేదు. గుమ్మంలో ఇరుక్కున్న పచ్చటి పాదాన్ని ఒక్క గుంజు గుంజి లోపలికి లాక్కున్నాడు. బస్సు మలుపు తిరిగింది.