రెడ్డెమ్మ రికార్డులో సాలీడు

1982 జనవరిలో నేను మదనపల్లెలో ఒక కాలేజీ జువాలజీ లాబ్‌లో డిమాన్‌స్ట్రేటర్‌గా ఉన్నాను. డిమాన్‌స్ట్రేటర్ అంటే పాఠం చెప్పేవాడు కాదు. కప్పను ఎలా కోయాలో, మైక్రోస్కోపు ఎలా సరిచేసుకోవాలో విద్యార్థుల పక్కన నిలబడి చూపించేవాడు. వాళ్ళ రికార్డులు దిద్ది సంతకం చేసేదీ అతనే. రికార్డు అంటే ఏడాదంతా చేసిన ప్రాక్టికల్స్‌ను బొమ్మలతో సహా రాసుకునే పుస్తకం. అందులో సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు.

మా నాయన చర్చి సంఘంలో ఉపదేశి, అంటే బోధ చేసేవాడు. ఆ రోజు బైబిలు వాక్యం కంఠతా అప్పజెబితేగాని మా ఇంట్లో అన్నం పెట్టేవాళ్ళు కాదు. పెద్దయ్యాక నేనూ ప్రతి ఆదివారం పొద్దున్నే పుంగనూరు బస్సెక్కి, అక్కడి సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. నాకు బాగా ఇష్టమైన పాఠం సాలీడుది. పొలం గట్ల మీద పరుగెత్తే ఒక రకం సాలీడు గూడు అల్లదు. గుడ్లన్నిటినీ తెల్లటి పట్టు సంచిలో చుట్టి, ఆ సంచిని ఒంటి వెనక తగిలించుకొని తిరుగుతుంది. దాన్ని ఎగ్ శాక్ అంటారు. ఒకసారి నేను ఫోర్సెప్స్‌తో, అంటే సన్నటి పట్టకారుతో, ఆ సంచిని లాగి చూశాను. తల్లి నేలంతా తడుముకుంటూ గిరగిరా తిరిగింది. తిరిగి ముందు పెట్టగానే చటుక్కున పట్టుకుంది.

"చూశారా, ఇంత పురుగుకే తన బిడ్డలెవరో తెలుసు. మనల్ని చేసినవాడికి మనం తెలియమా?" అని పిల్లలను అడిగేవాణ్ణి. పదేళ్ళు అడిగాను.

ఆ ఏడు ఫైనలియర్‌లో రెడ్డెమ్మ అనే అమ్మాయి ఉండేది. సదుం దగ్గర పల్లె, సేద్యగాళ్ళ ఇల్లు. రికార్డు చివర ప్రతి ఒక్కరూ ఒక సొంత పరిశీలన రాయాలి. ఆమె ఈ సాలీడు మీదే రాసింది. తల్లి తన ఎగ్ శాక్‌నూ ఇంకో తల్లి ఎగ్ శాక్‌నూ వేరు చేసి గుర్తుపట్టలేకపోయిందని చివర్లో తేల్చింది. నేను ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, "తప్పు. మార్చి రాయుము" అని వేశాను.

మర్నాడు ఆమె రికార్డు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక్క అక్షరం మారలేదు.

"ఏమ్మా, మార్చలేదే?"

"నేను సూసింది అదే సార్."

"నేనూ చూశాను. తీసి ముందర పెడితే పట్టుకుంటుంది."

"పట్టుకుంటాది సార్. పక్కదాన్ది పెట్టి సూసినారా?"

నాకు కోపం వచ్చింది. "మార్చేదాకా సంతకం లేదు" అన్నాను. పరీక్షకు ఐదు రోజులే ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత వాళ్ళ నాయన వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి, తలగుడ్డ తీసి చేత పట్టుకొని నిలబడ్డాడు. వెనక రెడ్డెమ్మ, చేతిలో బరువైన సంచీ.

"సార్, మా ఊర్లో కాలేజీకి వస్తాండే ఆడబిడ్డ ఇది ఒక్కటే. సాలీడు కోసరం పరీచ్చ పోతాదా సార్?"

"ఒక్క మాట మార్చమని చెప్పప్పా."

"సెప్పినా సార్. పురుగుకు అన్నీ తెలుసునని రాయమ్మే, నీదేం పోతాది అని. ఇనదు. వాళ్ళమ్మ మాదిరే మొండిది."

"నాయనా!" అంది రెడ్డెమ్మ పళ్ళు బిగబట్టి.

ఆయన పట్టించుకోలేదు. "అయినా సార్, నాకూ ఒక అనుమానం ఉండాది. మా గొర్రెను సూడండి. పక్కదాని పిల్ల పాలకొస్తే వాసన సూసి తలతో ఒక్క గుద్దు గుద్దుతాది. ఈ సాలీడు గుద్దదంట. యాల గుద్దదు సార్?"

యాల గుద్దదో నాకూ చూడాలనిపించింది. కోపం ఎటు పోయిందో పోయింది. "ఆ సంచీలో సాలీళ్ళేనా?" అని రెడ్డెమ్మను అడిగాను.

మూతలకు చిల్లులు పొడిచిన గాజు సీసాలు నాలుగు. ఒక్కోదాంట్లో గుడ్ల సంచితో ఒక్కో తల్లి. రెండు సీసాల్లోంచి గుడ్ల సంచులు తీసి, ఒకదానికి ఒక సిరా చుక్క, ఇంకోదానికి రెండు చుక్కలు పెట్టింది.

"సిరా వాసనకు తల్లి తికమక పడుతుందేమో?" అన్నాను.

"అందుకే రెండిటికీ పెట్టినా సార్."

ఇలా రెండువైపులా ఒకే తీరుగా జాగ్రత్తపడి పోల్చి చూడడాన్ని కంట్రోల్ అంటాం. ఆ మాట ఆమెకు నేర్పింది నేనే. నేను మాత్రం నా సాలీడుకు దాని సంచి తప్ప ఇంకొకటి ఎన్నడూ ఇచ్చి చూడలేదు.

రెండు సంచులూ ముందు పెడితే, మొదటి తల్లి తడుముకుంటూ వచ్చి, ముందుగా తగిలినదాన్ని ఎత్తుకుంది. అది పక్క సీసాది. రెండో తల్లి తనదే ఎత్తుకుంది. మూడో తల్లి సంచికీ చుక్క పెట్టి అలాగే చూస్తే, అది మళ్ళీ పక్కదానిదే ఎత్తుకుంది.

"ఓరి దీని! ఎవురిదైనా ఒకటే దీనికి" అన్నాడు ఆయన.

నాకు ఇంకా తెలుసుకోవాలనిపించింది. జొన్నదంటు బెండును గుండ్రంగా చెక్కి, సాలీడు పిల్లలు వెళ్ళిపోయాక లాబ్‌లో మిగిలిన పాత సంచి పట్టుపొర దానికి చుట్టి, నాలుగో సీసాలో తల్లి సంచి తీసేసి దాని బదులు పెట్టాను. ఆ తల్లి కాళ్ళతో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒంటి వెనక తగిలించుకొని నడిచింది.

"బెండును మోస్తాండాది సార్!" అని ఆయన పగలబడి నవ్వాడు. రెడ్డెమ్మ నవ్వలేదు. నా చేతిలో పెన్ను వైపే చూస్తోంది.

చూడనిది చూసినట్టు చెప్పడం అబద్ధ సాక్ష్యమని నాకు ఐదేళ్ళ వయసులోనే నేర్పారు. దేవుడి తరఫున చెబితే అది నిజమైపోతుందని ఎప్పుడు అనుకున్నానో తెలియదు. నా ఎర్ర గీతను నేనే కొట్టేసి, పక్కన "నేను కూడా చూశాను" అని రాసి సంతకం పెట్టాను. రెడ్డెమ్మ పరీక్ష రాసింది, పాసయింది.

ఆ ఆదివారం పుంగనూరులో నా పాఠం తప్పని పిల్లలకు చెప్పాను. ఒక పాప లేచి, "మరి బెండు పెరికేసి, దాని గుడ్లు దానికి ఇచ్చినారా సార్?" అని అడిగింది. ఇచ్చామన్నాక గాని కూర్చోలేదు. తల్లికి తెలియకపోయినా ఆ గుడ్లు ఎవరివో తెలిసినవాడు ఒకడున్నాడని నా నమ్మకం. కాకపోతే దానికి ఆ సాలీడును సాక్షిగా పిలవడం మానేశాను.

నాలుగేళ్ళ తర్వాత కుప్పంలో పనిచేసేటప్పుడు, రామకుప్పం నుంచి వచ్చే ఒక అమ్మాయి ఇంకో పెద్ద రకం సాలీడును పరిశీలించింది. దాని ముందు దాని సంచినీ ఇంకో తల్లి సంచినీ పెడితే, పరాయిదాన్ని తోసేసి తనదాన్నే ఎత్తుకుందని రాసింది. చదువుతుంటే పాత సంతోషం ఒక్కసారిగా పొంగింది. సంతకం పెట్టడానికి చేయి ముందుకు పోయింది కూడా.

"ఎన్ని సాలీళ్ళను చూశావమ్మా?"

"ఒకటే సార్."

పెన్ను జేబులో పెట్టుకున్నాను. "ఇంకా యాడన్నా దొరుకుతాయా?"

"మా రాగి చేన్లో శానా ఉండాయి సార్."

ఆ శనివారం నేనూ ఆమె వెంట చేనికి పోయాను.