సెలవు మర్నాటి జ్వరం

ఆ సోమవారం సాయంత్రం మా ఆయన ఎర్రిస్వామి, వెల్డింగ్ షాపు నుంచి వస్తూనే చెంబెడు నీళ్లు గడగడా తాగి, నీళ్లు తియ్యగా ఉన్నాయన్నాడు. నేనూ తాగి చూశాను, ఎప్పటి నీళ్లే. దీపం పెట్టే వేళకి వణుకు పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. తెల్లారేసరికి చెమటలు పోసి జ్వరం దిగిపోయింది. టీ తాగి పనికి వెళ్లాడు.

మాది బళ్లారిలో బ్రూస్‌పేట. ఆయన వెల్డర్. అంతవరకూ మామూలు ఇనుప గేట్లు చేసేవాడు. ఆ నెలలోనే షాపులో జీఐ పైపులు, జీఐ రేకుల పని మొదలైంది. ఆ పనికీ ఈ జ్వరానికీ సంబంధం ఉందని మాకెవరికీ తోచలేదు.

మళ్లీ సోమవారం అదే వణుకు. మంగళవారం నుంచి శనివారం దాకా ఏమీ ఉండదు, ఆదివారం షాపుకి సెలవు, ఆ రోజూ ఏమీ ఉండదు. క్లినిక్‌లో మలేరియా, టైఫాయిడ్ టెస్టులు చేశారు, అన్నీ నెగెటివ్. మా అత్త ఆదివారం మటన్ మీద అనుమానపడి కూర మానిపించింది. జ్వరం ఆగలేదు. ఆదివారం తలంటు మానిపించింది. అయినా వచ్చింది. ఒకసారి పండగని సోమవారం కూడా షాపు మూసేస్తే, జ్వరం మంగళవారానికి జరిగింది. అప్పుడు అత్త తేల్చేసింది.

"సెలవు పెడితేనే వస్తాండాది గదప్పా. నీ ఒళ్లు పనికి అలవాటు పడిండాది. కూసోబెట్టొద్దు దాన్ని."

నాకూ నిజమేననిపించింది. ఆయన ఆదివారాలు కూడా పనికి పోసాగాడు. జ్వరం నిజంగానే ఆగిపోయింది. అత్త కొన్నాళ్లు ఇంట్లో తలెత్తుకుని తిరిగింది.

ఆయన మాత్రం చిక్కుకుపోయాడు. ఒక రోజు మానితే మర్నాడు వణుకు. సిరుగుప్పలో మా చెల్లెలి గృహప్రవేశానికి నేనొక్కదాన్నే బస్సెక్కాను. ఇంతలో దగ్గు మొదలైంది. షాపులో అందరిలాగే రోజూ గ్లాసు పాలు తాగుతున్నాను, పొగ కడుక్కుపోతుందిలే అనేవాడు. ఒకనాడు మాత్రం గోడవైపు తిరిగి పడుకుని, "ఈ పని నన్ను పట్టుకోనుండాదే. వదిలితే కరుస్తాది" అన్నాడు.

వానాకాలంలో షెడ్డు తలుపులు మూసి, పెద్ద జీఐ నీళ్ల తొట్టి లోపలికి దిగి అతుకులు వేశాడు. ఇంటికొచ్చాక పడుకోలేకపోయాడు. కూర్చున్నా ఊపిరి అందడం లేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. వేలికి మిషన్ తగిలించి చూసిన నర్సు వెంటనే ఆక్సిజన్ పెట్టింది.

ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ ముందుగా కన్నడంలో అడిగింది, "ఏన్ కెలస మాడ్తారె?" అని. ఏం పని చేస్తాడో చెప్పాను. పొగ ఏ రంగులో ఉంటుందని అడిగింది. ఆయన ఆక్సిజన్ మాస్కులోంచే జవాబిచ్చాడు: "తెల్లగ, అమ్మా. దూది మాదిరి ఎగురుతాది."

అప్పుడు ఆమె విడమరిచి చెప్పింది. జీఐ అంటే తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుము. మంట తగలగానే ఇనుముకంటే ముందే జింకు ఆవిరై, గాలితో కలిసి జింక్ ఆక్సైడ్ పొగ అవుతుంది. దాన్ని పీలిస్తే నోరు తియ్యగా అయి, దాహమేసి, వణుకుతో వచ్చే ఈ జ్వరమే మెటల్ ఫ్యూమ్ ఫీవర్. రోజూ పీలిస్తే ఒళ్లు అలవాటు పడి జ్వరం రాదు. ఒకటి రెండు రోజులు మానితే ఆ అలవాటు పోతుంది, మళ్లీ పీల్చిన రోజు వణికిస్తుంది.

"జ్వరం రాలేదని నయమైందనుకున్నారు. పొగ లోపలికి పోతానే ఉండాది. పాలు కడుపులోకి పోతాయమ్మా, ఊపిరితిత్తుల్లోకి కాదు."

మా కూతురి బిడ్డకి విరేచనాలప్పుడు ఇచ్చినవి జింకు మాత్రలే కదా అన్నాను. అదే జింకు అంది, కొంచెంగా కడుపులోకి పోతే మందు, పొగై ఊపిరిలోకి పోతే ఇట్లా అంది.

ఐదు రోజులకి ఇంటికొచ్చాం. వేరే పని రాదు కాబట్టి నెల తర్వాత అదే షాపుకి వెళ్లాడు. మొదటిరోజే ఎవరో అర్జంటని జీఐ పైపు ఇస్తే, మూసిన షెడ్డులోనే అతికించాడు. సాయంత్రం వణుకు మొదలై, మళ్లీ దుప్పట్లు బయటికి తీశాను. మర్నాడు పొద్దున్నే అత్త కర్ర పట్టుకుని నేరుగా షాపుకి పోయింది.

"సెలవు వద్దని చెప్పి నా కొడుకుని నేనే పాడు చేసినానప్పా. నువ్వు వాన్ని బయట కూసోబెట్టి పని చేపించు" అని ఓనరుతో అంది.

ఇప్పుడు ఆయన ఆరుబయట పని చేస్తాడు. మాస్కు పెట్టుకుని, అతికించే చోట పూతని ముందే గ్రైండర్‌తో తీసేస్తాడు. పొగ మొహానికి రాకుండా పక్కన ఫ్యాను ఉంటుంది. మెట్లెక్కితే ఇంకా ఆయాసమే. ఆదివారం సెలవు, మటన్ కూడా తిరిగొచ్చింది.

నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు అడగకపోయినా, ఏం పని చేసిన రోజు జ్వరం వస్తోందో మీరే చెప్పండి. మేం నాలుగు నెలలు వారాలు లెక్కబెట్టాం గానీ ఆ మాట చెప్పలేదు. సోమవారం దీపం పెట్టగానే అత్త ఇప్పటికీ కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది. చల్లగా ఉందని ఆమె అన్నాకే నేను అన్నం వడ్డిస్తాను.