తీసిన సామాను చేతికియ్యాలె

మా మేనమామ గద్వాలలో జీపు నడిపేవాడు. బండి ఎవరిదైనా, మెకానిక్ ఎంతటివాడైనా ఆయన పెట్టే షరతు ఒక్కటే: "తీసిన సామాను చేతికియ్యాలె." ఆ మాట అంటూ కుడి అరచేయి చాపేవాడు. జవాబు వచ్చేదాకా దాన్ని వెనక్కి తీసేవాడు కాదు.

రెండువేల ఆరులో, వనపర్తిలో టీచరుగా ఉన్నప్పుడు, అప్పు చేసి కారు కొన్నాను. ఎండాకాలంలో ఏసీ ఆగిపోయింది. పాలమూరు షోరూంకు తీసుకెళ్తే కంప్రెసర్ పోయిందని, ఇరవై వేలవుతుందని చెప్పారు. అది నా రెండు నెలల జీతం. తోడుగా వచ్చిన మామ సూపర్‌వైజర్ ముందు చేయి చాపాడు.

"మార్చుర్రి సార్. కానీ నా కండ్ల ముంగట ఇప్పాలె. పాతది నాకియ్యాలె."

"కస్టమర్లు లోపలికి రావద్దు పెద్దాయనా."

"గట్లయితే బయటనే ఇప్పుర్రి. నేనీడనే కూసుంట."

గుమ్మంలోనే కూర్చున్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. గంట తర్వాత సూపర్‌వైజరే వచ్చి, కంప్రెసర్ బాగానే ఉందని, ఫ్యూజు ఒక్కటే కాలిందని చెప్పాడు. కాలిన ఫ్యూజును మామ అరచేతిలో పెట్టి, యాభై రూపాయల బిల్లు ఇచ్చాడు.

నేను వెళ్లి కారు స్టార్ట్ చేశాను. మామ రాలేదు. పెద్దమందడి ఊరి రైతు ఒకాయన గుమ్మం దగ్గర తన బిల్లును అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే ఆయన దగ్గర ఆగాడు.

"బండికేమైందే అన్నా?"

"ఏందో రాసిండ్రు. నాకు తెల్వదు."

మామ నావైపు తిరిగి, "నువ్వు పో అల్లుడా. నేను బస్సుకొస్త," అన్నాడు. రైతును వెంటబెట్టుకుని మళ్లీ లోపలికి నడిచాడు.

నేను ఇంజన్ ఆపేసి, వాళ్ల వెనకే వెళ్లాను.