మా ఇంటికి లేని గుర్తు

ముదిగుబ్బలో పొద్దున ఆరున్నరకు కదిరి నుంచి వచ్చే బస్సు ఎక్కాను. అనంతపురం పోయేవాళ్లకు ఇదే మేలు, తర్వాతి బస్సులో నిలబడాలి. ఒళ్లో గుడ్డసంచి, అందులో నాయన పాత పంచె. నరసింహస్వామికి దండం పెట్టుకున్నాను.

మాది చాకలి ఇల్లు. ఊరి బట్టలు కలిసిపోకుండా ప్రతి ఇంటి బట్టకూ మూలన నల్లజీడి రసంతో గుర్తు పెడతాం. ఒకరికి చుక్కలు, ఒకరికి నిచ్చెన. నేను బడికి పోలేదు. అక్షరాలూ నాయనే ఇంట్లో నేర్పాడు, వాటికంటే ముందు నేర్పినవి ఆ గుర్తులే. వాటన్నిటినీ పంచె మీద పెట్టి, కింద నాలుగు మాటలు రాశాను. మనమెవరం, ఎక్కడివాళ్లం అని బొమ్మల్లో, రాతల్లో చెప్పుకునే ప్రదర్శన అనంతపురంలో ఉందని విని కబురు పంపితే, ఎస్టీడీ బూతుకు ఫోను చేసి రమ్మన్నారు.

పక్క సీట్లో మా ఊరి పెద్దింటి గంగమ్మక్క. డాక్టరు దగ్గరికి పోతోంది.

“ఏమ్మే, సంచిలో ఏముండాది?”

అబద్ధం చేతకాక చెప్పేశాను.

“మా ఇంటి గుర్తు గూడానా? మా గుడ్డలు పట్నంలో ఆరేస్తావా? మా ఆయనకు తెలిస్తే కల్లంలో మీకు గింజ రాల్చడు, చూసుకో.”

ఏడాదంతా ఉతికినందుకు కల్లంలో పెట్టే గింజలే మా బువ్వ. ఆ యేడూ వానల్లేవు. బత్తలపల్లిలో దిగి వెనక్కి పోదామనుకున్నాను. ఇంతలో అక్క ఉడికించిన శనక్కాయలు కొని సగం నా ఒళ్లో పోసింది. “తిను. ముఖం చూడు, పీక్కపోయుండాది.” దిగలేకపోయాను.

బస్టాండు నుంచి హాలుకు నడకే. ఎండకు కొంగు కప్పుకోవాలి. పంచెను గోడకు కట్టారు. పక్కన ఒకాయన తన ముఖాన్నే బొగ్గుతో మళ్లీ మళ్లీ గీశాడు, ప్రతిసారీ మరింత నల్లగా. “చిన్నప్పుడు నన్ను పిలిచిన పేర్లమ్మా ఇవి” అన్నాడు. మధ్యాహ్నం అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి చిత్రాన్నం పెట్టారు. వాళ్లు చల్లగుండాలి.

చేయి కడుక్కుని వచ్చేసరికి, మందుల సంచితో గంగమ్మక్క పంచె ముందు నిలబడి ఉంది!

“ఇదిగో మా నిచ్చెన! మా అత్త నాటిది” అని నవ్వింది. తర్వాత మూలమూలా వెతికింది. “మీదేదే?”

“మాకు లేదక్కా. మా గుడ్డలు ఊరి గుడ్డల్లో కలపం. ఆఖర్న వేరే ఉతుక్కుంటాం.”



నాలుగు గంటల బస్సుకు అక్క కిటికీలోంచి తువ్వాలు వేసి నాకూ సీటు పట్టింది. ముదిగుబ్బ దగ్గరపడుతుంటే అంది: “మా ఆయనతో నేను చెప్పుకుంటాలే. సోమారం మీ నాయనను గుడ్డలకు రమ్మను.”

దండం పెట్టాను. స్వామి దయ, అక్క దయ. బువ్వ భయం తీరింది. సంచి ఖాళీ అయింది గానీ గుండె తేలిక కాలేదు. మళ్లీ ఎవరైనా అడిగితే చెప్పడానికి మాకూ ఒక గుర్తు ఉండాలి గదా అని, సంచి మీద వేలితో గీసుకుంటూ వచ్చాను. ఏది గీసినా అది అప్పటికే ఊళ్లో ఎవరిదో ఒకరిది.