మజ్జిగ తాగిన తల్లి

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు భోజనం చేస్తూ చేస్తూ ఫోనులో ఏదో చదివి నవ్వింది. ఏమిటని అడిగితే, ఒక నవల గురించి చదివినవాళ్ళు రాసిన అభిప్రాయాలట. తాగుడు మానలేని తల్లి, ఆమెతో వేగే కూతురు, వాళ్ళ కథ. ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చి కన్నీళ్ళు ఆగలేదన్నాడట. ఇంకొకావిడ ఒక్క నక్షత్రం పడేసి ఇలాంటి తల్లి లోకంలో ఉండదందట. మూడో మనిషి తప్పంతా కూతురిదే అన్నాడు. నాలుగో మనిషి అట్ట నలిగి వచ్చిందని కోప్పడి రెండు నక్షత్రాలతో సరిపెట్టాడు. "ఒకే పుస్తకం చదివి ఇన్ని రకాలుగా ఎలా అనుకుంటారు అమ్మమ్మా?" అంది పిల్ల. నేను దాని కంచంలో చారు వడ్డించాను. అందరూ ఒకే పుస్తకం చదివారని దానికంత నమ్మకం ఎలా కలిగిందా అని లోపల అనుకున్నాను. మా ఊళ్ళో ఒకసారి అలా జరగలేదు. దానికి కారణం నేనే.

అరవయ్యో దశకం ముగింపుకొస్తున్న రోజులు. నాకు పంతొమ్మిదేళ్ళు. మాది నౌపడ. స్టేషను దిగి కాస్త నడిస్తే మా నాన్న కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. కొట్టులో ఒక పక్క పప్పులూ బెల్లమూ, ఇంకో పక్క అద్దాల బీరువాలో ఆయుర్వేదం మందులూ ఉండేవి. ఊరవతల ఉప్పు మడులు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అటు చూస్తే ఉప్పు గుట్టల తెలుపుకి కళ్ళు మూసుకోవలసిందే. గాలిలో ఎప్పుడూ ఆ తేమే. మా ఊళ్ళో కాగితం ఫెళఫెళలాడడం నేనెరగను. వారపత్రిక రైలు దిగిన మర్నాటికే పాత చీరలా మెత్తబడిపోయేది. అది కూడా నాలుగిళ్ళకి కలిపి ఒక్కటే. శుక్రవారం మా ఇంట్లో, శని ఆదివారాలు పోస్టుమాస్టారి ఇంట్లో, ఆ తర్వాత మిగతా రెండిళ్ళలో ఉండేది.

మా వీధి ఆడవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ. శుక్రవారం భోజనాలయ్యాక అందరూ మా వీధరుగు మీద చేరితే, సీరియల్ నేను చదివి వినిపించాలి. నాకేమో నలుగురిలో నా పేరు చెప్పమంటేనే లోపలికి పారిపోవాలనిపించేది. ఉపాయం అమ్మే చెప్పింది. నేను లోపలి గదిలో తలుపు చాటున పీట వేసుకుని కూర్చుని చదివేదాన్ని. అరుగు మీదికి నా గొంతొక్కటే వెళ్ళేది. కొత్తగా వచ్చినవాళ్ళు రేడియో అనుకునేవారు. తలుపు అడ్డం ఉందంటే చాలు, నా గొంతుకి నాకే తెలియని ధైర్యం వచ్చేది. చదవడం అయ్యాక ఎవరేమన్నారో డైరీలో రాసుకునేదాన్ని. వాళ్ళ మాటలు కథకన్నా బాగుండేవి.

ఆ ఏడు వచ్చిన సీరియల్ అచ్చం మా మనవరాలు చెప్పిన మాదిరి కథే. భర్త పోయిన ఒకావిడ తాగుడికి అలవాటు పడుతుంది. ఒక్కగానొక్క కూతురు ఆమెను దాచుకుంటూ, కాచుకుంటూ రోజులు వెళ్ళదీస్తుంది. మొదటివారమే అరుగు రెండుగా చీలింది. గానుగ వాళ్ళావిడ ఒకరుండేది, నూనె పెద్దమ్మ అనేవాళ్ళం. ఆవిడ తీర్పు చెప్పడానికి ఒక్క క్షణం పట్టేది కాదు. "అదేటి తల్లే? దాన్ని తీసుకెల్లి ఉప్పుమడిలో పాతరెయ్యాల!" అంది. పోస్టుమాస్టారి భార్య కృష్ణా వైపు నుంచి వచ్చినావిడ. పత్రిక తనే చదువుకునేది కనుక అరుగు మీదికి ఎప్పుడో గాని వచ్చేది కాదు. ఆ రోజు వచ్చి, "అలా అనకండి పెద్దమ్మగారూ, దుఃఖం మనిషిని ఏమైనా చేస్తుంది" అంది. మా అమ్మ మాత్రం, "కతే కదా, ఎందుకొచ్చిన గొడవ" అంటూ టీ పెట్టే వంకతో లేచి వెళ్ళిపోయింది.

అమ్మ ఎందుకు లేచిందో అక్కడ అందరికీ తెలుసు. అరుగు చివర, స్తంభానికి ఆనుకుని మా వదిన కూర్చుని ఉంది. వదినంటే మా మేనత్త కూతురు. నాకన్నా రెండేళ్ళు పెద్దది, నాకున్న ఒకే ఒక స్నేహితురాలు. మావయ్య పోయాక మేనత్తకి నీరసం పట్టుకుంటే, వైద్యుడు అరిష్టం పూటకి రెండు చెంచాలు పుచ్చుకోమన్నాడు. అది పులియబెట్టిన మందు. రెండు చెంచాలు కొన్నాళ్ళకి గ్లాసయ్యాయి, గ్లాసు సీసా అయింది. సీసాలు మా కొట్టులోంచే వెళ్ళేవి. మా నాన్న ఊళ్ళో ఎవరికీ లొంగని మనిషి. చెల్లెలు పెరటి తలుపు దగ్గర నిలబడి "అన్నా" అంటే మాత్రం మారు మాట్లాడకుండా బీరువా తీసేవాడు. మందు కనుక ఎవరూ దాన్ని తాగుడు అనలేదు. మేనత్త మధ్యాహ్నాలు పడుకుంటే ఒంట్లో బాగులేదనుకున్నాం. వీధిలో అడుగు తప్పితే మోకాళ్ళ నొప్పులన్నాం. వదిన ఆ పత్రికని ఇంటికి తీసుకెళ్ళేది కాదు. మొదటివారం బొమ్మలోనే ఆ తల్లి చేతిలో సీసా వేశారు. అది వాళ్ళమ్మ కంట పడుతుందని భయం. అందుకని శుక్రవారం వచ్చి వినేది. వింటున్నంతసేపూ పమిట కొంగు వేలికి చుడుతూ, విప్పుతూ ఉండేది.

తలుపు సందులోంచి నాకు ఆ వేలొక్కటే కనబడేది. అది చూస్తూ చదవలేకపోయాను. రెండోవారం "తూలుతూ వచ్చింది" అని ఉన్నచోట "నీరసంగా వచ్చింది" అని చదివాను. ఎవరూ గమనించలేదు. ఆ తర్వాత సీసా గ్లాసైంది. గ్లాసులోకి మజ్జిగ వచ్చింది. అలవాటైపోయాక నాకే తెలియకుండా చేయి తిరిగింది. పదోవారానికి మా అరుగు మీది తల్లి పొద్దస్తమానం మజ్జిగ తాగి పడుకునే మనిషైపోయింది. నూనె పెద్దమ్మ ఒకనాడు విసుగెత్తి, "తాగుడు మానీసింది గదా, ఇంకా ఈ మనిషికి రోగమేటే? ఎప్పుడూ తలనొప్పేనా? టెక్కలి డాక్టరుకి సూపించరేటి?" అంది. తలుపు వెనక నేను నవ్వాపుకోలేక చచ్చాను. వదిన వేలు మాత్రం చుట్టడం మానేసింది. నాకది చాలు.

సీరియల్ చివరికొచ్చిన వారమే వదినకి ఉత్తరం వచ్చింది. విజయనగరంలో టీచరు ట్రైనింగుకి సీటు. సోమవారం వచ్చి చేరాలి, హాస్టల్లో ఉండాలి. శుక్రవారం పొద్దున్న దాన్ని మడిచి బొడ్లో దోపుకుని వచ్చి నాకొక్కదానికే చూపించింది. "ఏటి సేస్తావు వదినా?" అన్నాను. "ఆ కతలో పిల్ల ఏటి సేస్తాదో సూద్దామే" అంది నవ్వుతూ. నవ్వుతూనే అంది గాని ఆ కళ్ళు నవ్వలేదు.

అప్పటికే నేను చివరి భాగం చదివేశాను. అందులో కూతురు తెల్లవారి లేచి, కుండలో నీళ్ళు నింపి, ఇంటి తాళంచెవి తల్లి కొంగుకి కట్టి, ఉద్యోగం కోసం బస్సెక్కి వెళ్ళిపోతుంది. తల్లి గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉంటుంది. పిలవదు. కథ అంతే. మధ్యాహ్నం తలుపు చాటున కూర్చుని ఆ పేజీ మోకాళ్ళ మీద పెట్టుకుని, అందులో లేనిదంతా చదివాను. మళ్ళీ దొంగచాటుగా తాగి దొరికిపోయిన తల్లి కూతురి చేతులు పట్టుకుంది, ఇక ముట్టనని ఒట్టు పెట్టింది, ఆ పూటే మానేసింది, కూతురు సర్దుకున్న పెట్టె విప్పేసింది. నూనె పెద్దమ్మ కళ్ళు ఒత్తుకుని, "కూతురంటే అలగుండాల" అంది. మిగతావాళ్ళూ అవునన్నారు. వదిన వెళ్ళేముందు లోపలికి వచ్చి, "నేను ఎల్లడం నేదే" అని మెల్లగా చెప్పింది. వదిన బాధ పడకూడదనే మొదలుపెట్టాను, నిజమే. కానీ ఆ మాట వినగానే నా గుండెల్లో పొంగినది జాలి కాదు, సంతోషం.

ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళు అప్పడాలు ఒత్తడానికి మా అరుగు మీద చేరారు. నేను అలవాటుగా తలుపు చాటునే కూర్చున్నాను. పోస్టుమాస్టారి భార్య కూడా అప్పడాల కర్ర పట్టుకుని వచ్చింది. పిండి ముద్దలు చేస్తూ, "మొత్తానికి ఆ పిల్ల తల్లిని వదిలేసి వెళ్ళిపోయింది చూశారా, నాకైతే మనసొప్పలేదండీ" అంది.

"ఎల్లిపోడమేటి?" అంది నూనె పెద్దమ్మ. "పెట్టి ఇప్పీసింది గదా!"

"లేదండీ, బస్సెక్కింది."

"మేమందరం ఇన్నాం. మీ ఇంటికొచ్చింది ఏరే అచ్చేటి? కళ్ళద్దాలు మార్పించుకోండమ్మా!"

అందరూ ఘొల్లుమన్నారు. ఆవిడ మొహం ఎర్రబడింది. కర్ర పక్కన పెట్టి గబగబా ఇంటికి వెళ్ళి పత్రిక పట్టుకొచ్చింది. తలుపు సందులోంచి నాకు అందించి, "నా మాట నమ్మడం లేదు, నువ్వే చదువమ్మా, నీ గొంతయితే నమ్ముతారు" అంది. నేను పత్రిక పట్టుకుని కూర్చున్నాను. పేజీ తెరవలేదు. ఆవిడ నా మొహం చూసింది. ఒక్క చూపుతో అంతా అర్థమైపోయింది ఆవిడకి. వెంటనే చెయ్యి చాపి, "పోనీ ఇలా ఇచ్చెయ్యి. నేనే రెండు కథలు కలిపేసుకున్నానేమో" అని గట్టిగా, అందరికీ వినబడేలా అంది. నా కోసం అబద్ధమాడింది. అదే నన్ను లేపింది. స్తంభం దగ్గర వదిన అప్పడాలు ఎండబెడుతోంది. మర్నాడు సోమవారం.

తలుపు తీసుకుని అరుగు మీదికి వచ్చి నిలబడ్డాను. అందరి ముందూ, ఉన్నది ఉన్నట్టు, సీసాతో సహా చదివాను. నీళ్ళ కుండ, తాళంచెవి, బస్సు. నూనె పెద్దమ్మ పిండి చేతులు దులుపుకుని, "మరైతే ఆ మజ్జిగ?" అంది.

"అది నేనే కల్పించి సదివేను పెద్దమ్మా. రెండోవారం నుంచీ."

వదిన నాకేసి చూసింది. "ఎందుకే?" అంది.

"నువ్వు ఎల్లిపోతావని" అన్నాను. ఆ మాట బయటికొచ్చాక గాని, అది ఎంత సిగ్గుమాలినదో నాకు తెలియలేదు.

అప్పుడు మా వెనక గదిలోంచి, "నాకు మొన్నే తెలుసునే కోడలా" అని వినబడింది. మేనత్త గుమ్మంలోకి వచ్చి ద్వారబంధం పట్టుకుంది. సీసా కోసం పెరటి దారిన వచ్చే మనిషి, ఇన్ని వారాలూ వెనక వసారా గోడకి ఆనుకుని కూర్చుని అంతా వింటూనే ఉందట. "మజ్జిగ తాగీ మనిషికి ఆ ఏడుపులేటి? అది ఏటి తాగిందో నాకు తెల్దా? అయినా మొన్న సదివిన ఆకరు బాగులేదే. ఒట్టు పెట్టీసి, ఒక్క పూటలో మానీసిందట! అలగ మానీగలిగితే నేనెప్పుడో మానీకపోదునా?"

ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. అమ్మ చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది. నూనె పెద్దమ్మ తడబడిపోయి, "ఉప్పుమడి మాట కతలో దాన్ని అన్నానమ్మా, నిన్ను కాదు" అంది.

"అన్నావులే. నాకూ ఆ పక్కనే ఒక మడి సూసి ఉంచు" అంది మేనత్త. ఇద్దరికీ నవ్వొచ్చింది. అందరం నవ్వాం. వదిన మాత్రం ఏడ్చింది.

"రాసినోలు ఎవులో గాని తెలిసినోలు" అని, మేనత్త కూతురి వైపు తిరిగింది. "రేపు పాసింజరు ఎన్ని గంటలకే?"

"నీకు వొండి ఎవులు పెడతారే అమ్మా?"

"నాకు సేతులు నేవా? నువ్వు ఇక్కడుండి నాకు కాపలా కాస్తే నేను దాసుకోడం నేరుస్తాను తప్ప మానడం నేర్సుకోను. ఎల్లు. నువ్వు ఎల్లినావని నేను సచ్చిపోను. ఎల్లకపోతే మాత్రం నా మొకం నీకు సూపించుకోలేను."

మర్నాడు పాసింజరుకి మేనత్తా నేనూ వెళ్ళాం. ఆవిడ పొందూరు చీర కట్టుకుని, తల దువ్వుకుని, నిటారుగా నడిచింది. వదిన రైల్లోంచి నా చెయ్యి పట్టుకుని, "సెలవలకొస్తాను, మజ్జిగ తయారుగా ఉంచు" అంది. అంటే నన్ను క్షమించిందని. రైలు కదిలాక కూడా మేనత్త పిలవలేదు, చెయ్యి ఊపలేదు. ఉప్పు గుట్టల మలుపు తిరిగేదాకా చూసి, "పద" అంది.

ఆవిడ మానేసిందని రాస్తే మళ్ళీ నేను కల్పించినట్టవుతుంది. కొన్ని నెలలు మానింది, కొన్ని నెలలు మానలేదు. మా నాన్న బీరువాలోంచి అరిష్టం సీసాలు తీసేశాడు. ఆవిడ ఎక్కడినుంచో తెప్పించుకునేది, మళ్ళీ మా అమ్మ దగ్గరికి వచ్చి తనే చెప్పేసేది. శుక్రవారాలు మాత్రం తప్పేది కాదు. పెరటి దారిన కాదు, వీధి వైపునుంచి వచ్చి అరుగు మీద అందరితో కూర్చునేది. నేనూ తలుపు ఇవతలే కూర్చుని చదివేదాన్ని. ఎక్కడైనా గొంతు తడబడితే, "కోడలా, ఉన్నదే సదువు" అనేది.

ఆ రోజు ప్లాట్‌ఫారం మీద నా పక్కన నిలబడిన మనిషిని నేను ముసలావిడ అనుకున్నాను. ఆమె బతుకు అయిపోయిందనీ, మిగిలిందల్లా వదినదీ నాదీ అనీ అనుకున్నాను. ఈమధ్య లెక్కపెట్టి చూసుకుంటే అప్పటికి మేనత్తకి నలభై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఆ వయసు ఆడమనిషి ఎదురుపడితే చిన్నపిల్ల అనుకుంటాను. అంత చిన్నది ‘ఎల్లు’ అన్న ఆ మాట కూతురితో ఎలా అనగలిగిందో తెలుసుకోవడానికి, ఆమె వయసు దాటి ఇన్నేళ్ళు రావలసి వచ్చింది నాకు.