ఇంజన్ చల్లారాల్సిందే

నబీ రసూల్‌కు ఒకటే రోగం. బండి చల్లారందే పానా ముట్టడు. రేడియేటర్ పనికి చల్లారాలంటే ఎవరైనా ఒప్పుకుంటారు. ఈ మహానుభావుడికి వైపరు మార్చాలన్నా చల్లారాలి, అద్దం బిగించాలన్నా చల్లారాలి! బానెట్ మీద అరచెయ్యి పెట్టి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకుని, "కాగిపోతాండాది. లోపల కూలరుండాది, పోయి కూచో," అంటాడు. సౌదీలోని ఈ హుఫూఫ్ ఎండల్లో బండి చల్లారేదెప్పుడు, పని అయ్యేదెప్పుడు!

ఆ షెడ్డులో సగం వాటా ఏసీ పని చేసే మొండయ్యది. జగిత్యాల మనిషి. కడుపులో మాట దాచుకోవడం ఆయనకు పుట్టుకతోనే రాలేదు. రసూల్ కడపవాడు, మొండితనంలో గాడిదకు గురువు. ఇద్దరికీ రోజూ ఒకటే పంచాయితీ.

సనాయియా అనే ఆ కార్ఖానాల పేటలోని మెకానిక్ షెడ్లన్నిటా లేబర్ లెక్క ఒకటే. బండి గేటు దాటగానే గంటలు మొదలు. మెకానిక్ చాయ్ తాగినా, నమాజుకు పోయినా, జారిపోయిన నట్టు కోసం బండి కింద పాకినా ఆ టైమంతా బండివాడి నెత్తినే. రసూల్ మాత్రం పానా పట్టాకే గడియారం చూస్తాడు. చల్లారిన టైముకు చిల్లిగవ్వ అడగడు.

"దినమంత బండి నిలవెడ్తవ్, పావుగంట లేబర్ తీస్కుంటవ్. ఏం యాపారమే ఇది రసూల్ భాయ్?"

"చల్లారింది బండి. నేనేం చేసినా? ఒట్టిగ కూచున్నదానికి లేబర్ ఎట్ల అడిగేది?"

"గట్లయితే ఒట్టిగ కూసునుడెందుకే?"

"చల్లారాల గదన్నా!"

మొండయ్య తల పట్టుకునేవాడు. ఒకసారి ఒక సౌదీ పెద్దమనిషి తానే నడుపుకుంటూ వచ్చాడు. బానెట్ కింద నుంచి భుగభుగ ఆవిరి. రసూల్ చేతికి తడిగుడ్డ చుట్టుకుని, మొండయ్య చాయ్ పెట్టేలోపల పైపు మార్చి పంపేశాడు. ఆ వెనకాలే ఎవరింట్లోనో డ్రైవరుగా చేసేవాడు ఇండికేటర్ బల్బు కోసం వచ్చాడు. రసూల్ బానెట్ మీద చెయ్యేసి, "అబ్బో, కాగిపోతాండాది!"

"నీకేమన్న దయ్యం పట్టిందా? పొగలు కక్కే బండికి ఆగలే, బల్బుకు ఆగుతవా?"

"ఆ వేడి వేరే, ఈ వేడి వేరే," అన్నాడు రసూల్, చాలా గంభీరంగా.

ఒక పొద్దున ఇస్సాక్ వచ్చాడు. రాయచోటి మనిషి, తనకు వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్ అబూ రాకాన్ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంట పెళ్లి, రాత్రిళ్లన్నీ ఇతను చుట్టాలను మోస్తూనే ఉన్నాడు. కళ్లు ఎండుమిరపకాయల్లా ఉన్నాయి. మధ్యాహ్నం కఫీల్ పిల్లాజెల్లను ఎక్కించుకుని అభా కొండలకు బయల్దేరాలి. దేశానికి ఈ కొస నుంచి ఆ కొస. హారన్ చూస్తే చచ్చింది. ఇంకోసారి ఆలస్యమైతే ఇంటికి పంపించేస్తానని కఫీల్ ముందే చెప్పి ఉన్నాడు.

"రసూలన్నా, హారన్ ఒక్కటే. నీ కాళ్లు పట్టుకుంటా, బిరీన చెయ్."

రసూల్ అరచెయ్యి బానెట్ మీద వాలింది. "యా అల్లా, కుంపటే!"

"హారన్‌కూ ఇంజన్‌కూ ఏం సంబంధమన్నా?"

"మెకానిక్కు నువ్వా, నేనా?"

"అయితే తాళమియ్యి. పక్క షెడ్డుకు పోతా."

తాళం రసూల్ జేబులోకి పోయింది. "లోపలికి పోయి కూచో."

"కూచోను! నువ్వు పని మొదలుపెట్టేదాకా నీ నెత్తినే నిలబడతా!"

నిలబడ్డాడు. కాసేపటికి గోడకు ఆనుకున్నాడు. ఆ తర్వాత తిడుతూ తిడుతూనే లోపలికి పోయి బెంచీ మీద కూలబడ్డాడు. "నువ్వసలు మెకానిక్కువేనా, నీ..." అన్నాడు. ఆ తిట్టు పూర్తి కాలేదు, గురక మొదలైంది.

మధ్యాహ్నమైనా అతను లేవలేదు, రసూల్ లేపలేదు. మొండయ్యకు రక్తం ఉడికింది. పాపం, వీడి పిచ్చికి ఒకడి కొలువు పోతోంది! ఇయ్యాల వీని సంగతి తేల్చాల్సిందేనని లేచాడు. ఇంతలో కఫీలే దిగబడ్డాడు, ఉరుముతూ.

"హారన్‌కు ఇంతసేపా? ఎన్ని గంటల లేబర్ గుంజుదామని, దొంగా?"

"పావుగంటే సేఠ్. హారన్ ఎప్పుడో అయిపాయె," అన్నాడు రసూల్ తనకొచ్చిన వంకర అరబ్బీలో.

"మరి బండెందుకు ఆపావు?"

"కాగిపోతా..."

అబూ రాకాన్ తానే బానెట్ మీద చెయ్యి పెట్టాడు. షెడ్డు నీడలో ఎప్పుడో చల్లబడిపోయింది.  రసూల్ లోపలి గది పరదా తీశాడు. ఇస్సాక్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"బండికేం కాలేదు సేఠ్. మనిషే అయిపోయినాడు. నీ పిల్లోళ్లు ఎక్కేది ఈ బండే. పోలీసును పిలుస్తావో, నన్నే కొడతావో, వాడు లేచేదాకా తాళమైతే ఇయ్యను."

 అబూ రాకాన్ ఇస్సాక్ వైపు చూశాడు. పెళ్లి రాత్రులన్నీ ఎవరు బండి నడిపారో ఆయనకు గుర్తొచ్చినట్టుంది. వంగి, కూలరు మూతిని ఇస్సాక్ వైపు తిప్పాడు.

"రేపు తెల్లారి ఫజర్ నమాజు అయ్యాక బయల్దేరతాం," అని గొంతు తగ్గించి చెప్పి, చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

అప్పుడు వెలిగింది మొండయ్యకు. ఆవిరి కక్కిన బండిని యజమాని తెచ్చాడు. బల్బు బండిని డ్రైవరు తెచ్చాడు!

"ఓరి నీ... ఇన్నేండ్లసంది నన్ను ఎడ్డోణ్ని చేసినవ్ గదనే! గీ ముచ్చట పాపం ఆ పిలగానికన్న చెప్పు."

"చెప్తే పండుకుంటాడా? నాకేం నిద్ర లేదని మొగాన నీళ్లు కొట్టుకోని పోతాడు. బండికి బాగలేదంటే బుద్ధిగా కూచుంటాడు. నోరు మూసుకో మొండయ్యన్నా, నీకు పుణ్యముంటాది."

ఇస్సాక్ లేచి చూస్తే పొద్దు వాలిపోయింది. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా అరిచాడు. ప్రయాణం రేపటికి మారిందని రసూల్ చెప్పినా చల్లబడలేదు. పావుగంట లేబర్ బెంచీ మీద కొట్టి, నీ మొగం చూడనని ఒట్టు పెట్టుకుని పోయాడు. మొండయ్య మాట బయటికి రాకుండా నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

మూడోనాడు రసూల్ ఫోనుకు ఇస్సాక్ వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక గాలి హోరు, పిల్లల కేరింతలు.

"అన్నా, అభా చేరినాం. అందరం బాగుండాం. ఈడ చలి ఇరగదీస్తాండాది. హారన్ బాగా పలకతాండాది. పనిమంతుడివే గానీ, నీ అంత సోమరిపోతును నేను యాడా సూళ్లేదు!"

రసూల్ పడీపడీ నవ్వాడు. "ఇంకోపారి పెట్టు భాయ్," అన్నాడు మొండయ్య.