కరెంటు పోయాక ఏం మిగులుతుంది

కోమలికి వస్తువుల్ని ఊరికే నమ్మడం రాదు. నాలుగేళ్ళు శ్రీ సిటీలో ఫోన్ల ఫ్యాక్టరీలో ఆమె చేసిన పని, కొత్త ఫోన్లను కింద పడేయడం. నడుమెత్తు నుంచి, భుజమెత్తు నుంచి, బల్ల అంచు మీంచి. రోజంతా అద్దాలు తొలి వానచినుకుల్లా నేలమీద చిట్లుతుంటే వింటూ గడిపేది. ఎక్కడ పగులుతుందో తెలియని ఫోను అమ్మకానికి పనికిరాదని అక్కడే నేర్చుకుంది.

ఆ ఉద్యోగం మానేసి, చంద్రగిరిలో ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. ‘గాదె’లో చేరింది. గాదె ఒక డేటాబేస్. చిన్న ఆస్పత్రులు, బడులు తమ వివరాలు అందులో దాచుకుంటాయి. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, దిద్దొచ్చు. దిద్దినదాన్ని కలుపుకోవాలా వద్దా అన్నది మాత్రం ఢిల్లీబాబు ఇష్టం.

తిరుపతిలో కోచింగ్ సెంటరు నడిపే ఢిల్లీబాబు గాదెను మొదలుపెట్టినవాడు. ఆ సంగతి మరిచిపోయే అవకాశం ఎవరికీ ఇవ్వడు. అతని గదిలో గోడంత తెర. దానిమీద గాదె సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే మూడొందల నలభై టెస్టులు, అన్నీ పచ్చగా, పెళ్ళి మండపంలో పరిచిన ప్లాస్టిక్ గడ్డిలా. ఎప్పుడైనా ఒకటి తప్పి ఎర్రబడితే, ‘మళ్ళీ నొక్కండి’ అంటాడు. నాలుగోసారికి అది విసిగిపోయి పచ్చబడుతుంది. వచ్చినవాళ్ళు ఆ తెర ముందు ఫోటోలు దిగుతారు.

ఒకరోజు పూతలపట్టులో చిన్న ఆస్పత్రి నర్సు రెబెకా గాదె ఫిర్యాదుల పేజీలో రాసింది. ‘సేవ్ అయింది’ అని చూపించిన వెంటనే కరెంటు పోయిందని, తిరిగొచ్చి చూస్తే పద్నాలుగుమంది రోగుల వివరాలు లేవని.

‘ముందు ఇన్వర్టర్ కొనుక్కోండమ్మా’ అని ఢిల్లీబాబు జవాబు. దాని కింద పదకొండు చప్పట్ల బొమ్మలు.

కోమలి రెబెకాకు ఫోను చేసింది. “ఎన్నిసార్లు ఇట్లయింది అక్కా?”

“ఇది మూడోసారి పాపా. ఆ పద్నాలుగుమందిలో ఒకామెకు పెన్సిలిన్ పడదు. రాసినాను, పాయ. ఆమె పేరు కూడా గుర్తు రాలేదు. రేపు ఇంకెవురైనా సూదేస్తే?”

ఆ ప్రశ్న కోమలి చెవిలో ఉండిపోయింది. ఉన్న టెస్టులన్నీ చదివింది. ఏసీ గదిలో, ఎప్పటికీ కరెంటు పోని లోకంలో, గాదెను బుజ్జగిస్తూ అడిగిన ప్రశ్నలే అన్నీ. ఒక్కటి కూడా దాన్ని కింద పడేయలేదు.

రెండు నెలలు కూర్చుని కొత్త టెస్ట్ ఫ్రేమ్‌వర్క్ కట్టింది. ఒక పాత కంప్యూటరు, దాని ప్లగ్గుకు ప్రోగ్రాము చెప్తే ఆరే స్విచ్చు. గాదెలో ఒక పేరు రాయిస్తుంది. ‘సేవ్ అయింది’ అనగానే కరెంటు తీసేస్తుంది. మళ్ళీ ఇచ్చి, పేరు ఉందా అని వెతుకుతుంది. రోజుకు రెండొందల సార్లు.

“కరెంటోళ్ళు తీసేది సాలదనా, నువ్వు గూడా తీస్తా ఉండావు?” అంది వాళ్ళమ్మ వరదమ్మ.

రెండొందల్లో అరవై ఒక్కసారి పేరు లేదు.

తిరుపతి వెళ్ళి చూపించింది. ఢిల్లీబాబు శిష్యులు నలుగురూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

“వచ్చే నెల కొత్త వెర్షన్ విడుదలమ్మా. పెండ్లిచూపులప్పుడు పెండ్లికొడుకువి కట్టుడు పండ్లని అరస్తారా ఎవురైనా?”

“అవి ఊడి పాయసంలో పడతా ఉండాయి సార్.”

ఒక శిష్యుడు నవ్వబోయి దగ్గాడు.

“సరే, నీ టెస్టులు పెట్టు. నడపకుండా దాటేయమని పైన రాసిపెట్టు. అప్పుడు పసుపు రంగులో కనిపిస్తాయి. పసుపు మంగళకరం గదా!”

“నడపని టెస్టు ఎందుకు సార్?”

సాయంత్రానికి ఆమె పనిని తిరస్కరించాడు. ‘మన పరిస్థితులకు అవసరం లేదు’ అని కింద రాశాడు. అందరికీ కనబడే పేజీలో.

కోమలి వాదించలేదు. అతని మాట కిందే, ఆ టెస్టును ఎవరింట్లో వాళ్ళు ఎలా నడుపుకోవాలో నాలుగు వరుసల్లో రాసింది. కుప్పం నుంచి ఒక బడి మాస్టారు నడిపాడు. నాగపూర్ నుంచి ఒకరు, కెన్యా నుంచి ఒకరు. అందరికీ పేర్లు మాయం. పది రోజుల్లో, పరిస్థితుల గురించి అతను రాసిన మాట కింద ఎరుపు, మిద్దెమీద మిరపకాయలు ఆరబోసినట్టు పరుచుకుంది.

ఢిల్లీబాబే ఫోను చేశాడు. “టెస్టులు మార్చాలని నేను మొదట్నుంచీ అనుకుంటానే ఉండానమ్మా.”

“సంతోషం సార్. తప్పు ఎక్కడుందో గూడా దొరికింది. డిస్కులో పడకముందే ‘సేవ్ అయింది’ అని చెప్పే వరుస. మూడేండ్ల కింద మీరు రాసిందే.”

“వేగం కోసరం రాసినానమ్మా. అప్పటి విడుదల సభలో అందరూ ఎంత మెచ్చుకున్యారో తెలుసా?”

“ఇప్పుడు కొంచెం నిదానమైతాది సార్.”

చివరికి కలుపుకున్నాడు, ఆమె టెస్టుల్నీ, దిద్దుబాటునీ. మరునాడు పేపరు వార్తలో మాత్రం ‘మా బృందం దూరదృష్టి’ అని రాయించాడు. కోమలి దాన్ని చదివి, పప్పులో ఉప్పు చూసుకోవడానికి వెళ్ళింది.

కొత్త వెర్షన్ పెట్టుకున్న రోజు రెబెకా ఫోను చేసింది. “ఆ పెన్సిలిన్ పడనామె దొరికింది పాపా, మోకాలి నొప్పని వచ్చింది. ఇప్పుడే రాసినా. సేవ్ అంటా ఉండాది. నమ్మేదా?”

“నమ్మొద్దక్కా. మెయిన్ ఆపి సూడు.”

టక్కుమన్న చప్పుడు. లోపల్నుంచి డాక్టరమ్మ కేక. రెబెకా పట్టించుకోలేదు, మళ్ళీ స్విచ్చు వేసి, తెరమీద ఆ రోగి పేరు వెతికింది.